తుంటి మార్పిడి తర్వాత కాళ్ల పొడవులో తేడా: నా అనుభవం

తుంటి మార్పిడి, అంటే పాడైన తుంటి కీలు తీసి కృత్రిమ కీలు పెట్టే ఆపరేషన్, అయినవాళ్లు తొలి వారాల్లో తరచూ అనే మాట ఒకటుంది: "నొప్పి పోయింది గానీ, ఈ కాలు పొడుగైనట్టుంది." నేనూ అదే అన్నాను. ఆ మాట వినగానే కొందరు "అదంతా నీ భ్రమ, మర్చిపో" అన్నారు. ఇంకొందరు "అయితే ఆపరేషన్ ఫెయిలైనట్టే, మళ్లీ చేయించుకో" అన్నారు. రెండూ కొలవకుండా అనే మాటలే. ఎంత తేడా ఉంది, అందులో ఎముకది ఎంత, కండరాలది ఎంత, దేనికి ఆగాలి, దేనికి చెప్పు మార్చుకోవాలి అనేవి తేల్చుకుంటే ఈ సమస్యతో హాయిగా బతకొచ్చు. నాకు వాటిని తేల్చుకోవడానికే చాలా కాలం పట్టింది. అందుకే వివరంగా రాస్తున్నాను. చెప్పులు గుమ్మం బయటే విడిచి ఇంట్లోకి వెళ్లే మన అలవాటు వల్ల వచ్చే చిక్కు గురించి నాకైతే ఏ ఆసుపత్రిలోనూ చెప్పలేదు. అది కూడా రాస్తాను.

నేను ఖమ్మం జిల్లాలో ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచర్ని. వయసు యాభై దాటింది. నా కుడి తుంటికి వచ్చింది ఏవీఎన్. తొడ ఎముక పైచివర బంతి ఆకారంలో ఉండే భాగానికి రక్తం సరిగా అందక ఎముక చచ్చుబడి, కొన్నాళ్లకు ఆ బంతి కుంగిపోయే జబ్బు అది. స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవాళ్లకీ, మద్యం బాగా తాగేవాళ్లకీ, తుంటి దగ్గర ఎముక విరిగినవాళ్లకీ రావచ్చు. కొందరికి కారణమే దొరకదు. నాకు అంతకుముందు వేరే జబ్బుకి వాడిన స్టెరాయిడ్ల వల్ల వచ్చి ఉండొచ్చన్నారు. మొదట గజ్జల్లో నొప్పి, తర్వాత మోకాలి వరకు లాగడం, ఆ తర్వాత కుంటు. బోర్డు మీద ఒక లెక్క చేసి బల్ల పట్టుకుని నిలబడాల్సి వచ్చేది.

ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. బంతి కుంగినకొద్దీ నా కుడి కాలు కొంచెం కొంచెంగా పొట్టిదవుతూ వచ్చింది. కొన్నేళ్లపాటు నా నడుము కుడివైపుకి వాలి, వెన్ను దానికి తగ్గట్టు వంగి, ఆ పొట్టికాలితోనే నడవడం నేర్చుకుంది. ఆపరేషన్‌లో డాక్టర్లు ఆ పోయిన పొడవును ఒక్క పూటలో తిరిగి ఇచ్చేశారు. కాలు దాదాపు దాని పాత పొడవుకి వచ్చింది గానీ నడుము మాత్రం పాత వంపులోనే ఉండిపోయింది. ఆపరేషన్ తర్వాత కాలు పొడుగైందనిపించడానికి నా విషయంలో సగానికి పైగా కారణం ఇదే. ఏవీఎన్ ముదిరాక ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, ఎన్నో ఏళ్లు కుంటినవాళ్లు దీన్ని ముందే తెలుసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఆపరేషన్ హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అయింది. మర్నాడే వాకర్ ఇచ్చి నిలబెట్టారు. ఆ పాత నొప్పి, ఎముకకి ఎముక రాసుకునే నొప్పి, పూర్తిగా పోయింది. ఆ ఒక్క మేలుకి ఆ డాక్టరు గారికి ఎప్పటికీ రుణపడి ఉంటాను. కానీ నిలబడగానే కుడి అరికాలి కింద ఎవరో పీట వేసినట్టు అనిపించింది. ఎడమ పాదం నేలని వెతుక్కుంటోంది. అడుగు వేస్తే శరీరం ఎడమవైపుకి దిగబడుతోంది. ఇంటికొచ్చాక గమనిస్తే, తెలియకుండానే కుడి మోకాలు కొంచెం వంచి నిలబడుతున్నాను. పొడుగు కాలిని శరీరం తనంతట తాను కుదించుకునే పద్ధతి అది. అలా వంచి వంచి సాయంత్రానికి మోకాలి ముందుభాగం నొప్పి, నడుము కింద ఎడమవైపు పట్టేయడం.

చీర కట్టుకోవడం మొదలుపెట్టాక తేడా కంటికి కూడా కనిపించింది. కుచ్చిళ్లు సరిగ్గా పెట్టుకున్నా కుడివైపు అంచు మడమ పైకి లేచి ఉండేది, ఎడమవైపు అంచు నేలకి రాసుకునేది. ఎడమవైపు ఫాల్ త్వరగా మాసి, దారాలు ఊడేవి. భ్రమ అన్నవాళ్లకి నేను ఆ అంచు చూపించేదాన్ని.

మొదటి చెకప్‌లో ఎక్స్‌రే చూసి "కీలు చాలా బాగా కూర్చుంది" అన్నారు. కాలు పొడుగైనట్టుందని చెప్తే "సర్దుకుంటుందమ్మా" అని తర్వాతి పేషెంటుని పిలిచారు. ఆ మాట అబద్ధం కాదు, నిజంగానే చాలావరకు సర్దుకుంది. కానీ ఎంత తేడా ఉందో ఒక అంకె చెప్పి, ఎన్నాళ్లు చూడాలో చెప్పి, ఈలోపు ఏం చేయాలో చెప్పి ఉంటే ఆ తర్వాతి వారాలు నేను రాత్రుళ్లు నిద్రపోయేదాన్ని. పేషెంటుకి రెండు నిమిషాలు ఎక్కువ ఇస్తే తీరిపోయే బాధ అది. ఏ డాక్టరైనా ఇది చదివితే దయచేసి ఆలోచించండి.

నాకు అంకె దొరికింది ఖమ్మంలో ఒక ఫిజియోథెరపీ సెంటర్లో. అక్కడి అబ్బాయి చిన్నవాడే గానీ ఓపిక ఉన్నవాడు. నన్ను వెల్లకిలా పడుకోబెట్టి, రెండు కాళ్లూ సమానంగా ఎడం ఉండేట్టు సర్ది, దర్జీ వాడే టేపు తీశాడు. పొట్ట కింద రెండు పక్కలా చేతికి తగిలే ఎముక మొన ఉంటుంది. అక్కడి నుంచి చీలమండ లోపలివైపు ఎముక వరకు కొలిచాడు. కుడివైపు 81 సెంటీమీటర్లు, ఎడమవైపు 80. తర్వాత బొడ్డు నుంచి అదే చీలమండ ఎముక వరకు కొలిచాడు. ఈసారి కుడివైపు 89, ఎడమవైపు 86.

"మేడమ్, మీకు కాలు మూడు సెంటీమీటర్లు పొడుగనిపిస్తోంది కదా. అందులో ఎముక తేడా సుమారు ఒకటే. మిగతా రెండూ మీ నడుము వాలుది" అన్నాడు.

లెక్కల టీచర్ని కాబట్టి నాకు అంతకంటే వివరణ అక్కర్లేకపోయింది. మొదటి కొలత ఎముక నుంచి ఎముకకి కాబట్టి కాలి అసలు పొడవు చెప్తుంది. రెండోది శరీరం మధ్యలో నుంచి కాబట్టి, నడుము ఒకవైపుకి వాలి ఉంటే ఆ వాలు కూడా అందులో కలిసిపోతుంది. రెండింటి మధ్య ఉన్న ఆ రెండు సెంటీమీటర్లు వ్యాయామంతో తగ్గించుకోగలిగేవి. టేపు కొలత కచ్చితమైనదేమీ కాదు, చేయి కొంచెం జరిగితే అర సెంటీమీటరు అటూ ఇటూ అవుతుందని కూడా అతనే చెప్పాడు. అయినా ఆ రోజు ఇంటికి వచ్చేటప్పుడు మనసు తేలికపడింది. సమస్య ఏమిటో తెలిసింది.

అతను చేసిన ఇంకో పరీక్ష, నా కుడి కాలి మీద ఒంటికాలితో నిలబెట్టడం. గోడకి చేయి ఆనించి ఎడమ కాలు ఎత్తగానే నడుము ఎడమవైపు కిందికి జారిపోయింది. పిర్ర పక్కన ఉండే కండరాలు బలహీనంగా ఉంటే అలా అవుతుంది. ఆపరేషన్‌కి ముందు కొన్నేళ్లు నొప్పితో వాడకపోవడం వల్ల కొంత, కోత వల్ల కొంత అవి నీరసిస్తాయి. దానివల్ల వచ్చే కుంటు చూసేవాళ్లకి కాలి పొడవు తేడా వల్ల వచ్చినట్టే కనిపిస్తుంది. ఇలాంటి కుంటుకి చెప్పు కింద ఎంత ఎత్తు పెట్టినా లాభం ఉండదు, కండరం పెరగాల్సిందే.

వెంటనే ఎడమ చెప్పు కింద ఎత్తు పెట్టించుకుంటానంటే అతను వద్దన్నాడు. హైదరాబాద్‌లో డాక్టరు గారిని ఫోన్‌లో అడిగితే ఆయనా అదే చెప్పారు. నడుము ఇంకా వాలి ఉండగానే ఎత్తు పెడితే ఆ వాలు అలాగే స్థిరపడిపోతుంది, కండరాలు సాగే అవసరమే లేకుండా పోతుంది. మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు ఆగి, అప్పటికి మిగిలిన తేడాని చూసి నిర్ణయించుకోవాలి. నడవడమే కష్టంగా ఉన్నవాళ్లకి మధ్యలో చిన్న ఎత్తు తాత్కాలికంగా ఇవ్వచ్చు గానీ అది డాక్టరో ఫిజియోనో చూసి చెప్పాలి.

ఆ నెలల్లో నేను చేసిన వ్యాయామాల్లో బాగా పనిచేసినవి రెండు మూడు చెప్తాను. అందరి ఆపరేషనూ ఒకే పద్ధతిలో జరగదు. కోత ముందునుంచా వెనకనుంచా అన్నదాన్ని బట్టి జాగ్రత్తలు మారతాయి. నాది వెనకనుంచి కాబట్టి తుంటిని తొంభై డిగ్రీలు దాటి వంచకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, కుడి పాదాన్ని లోపలికి తిప్పకూడదు. అందుకే మీ ఫిజియోని అడగకుండా వీటిని మొదలుపెట్టొద్దు.

మొదటిది, వెల్లకిలా పడుకుని, మోకాలు వంచకుండా, కుడి నడుము ఎముకని పక్కటెముకల వైపు పైకి లాక్కోవడం. చూసేవాళ్లకి ఏమీ చేయనట్టే ఉంటుంది. మొదట్లో నాకు కాలంతా కదిలేది గానీ నడుము కదిలేది కాదు. ఆ అబ్బాయి నా మడమ కింద చేయి పెట్టి, "మడమ నా చేతి మీద పైకి జారాలి మేడమ్, కాలు లేవకూడదు" అనేవాడు. సరిగ్గా ఎక్కడి కండరం పనిచేయాలో తెలియడానికే చాలా రోజులు పట్టింది. తెలిశాక మంచం మీద, పడక్కుర్చీలో, ఎక్కడ వీలైతే అక్కడ చేసేదాన్ని.

రెండోది, మంచం మీద వెల్లకిలా పడుకుని ఎడమ మోకాలిని రెండు చేతులతో గుండెకి దగ్గరగా లాక్కుని, కుడి కాలిని పరుపుకి ఆనించి తిన్నగా నొక్కి ఉంచడం. గజ్జల ముందు బిగుసుకున్న కండరం దీంతో సాగుతుంది. మూడోది, వంటింటి గట్టు పట్టుకుని నిలబడి కుడి కాలిని పక్కకి ఎత్తడం, శరీరం ఎడమవైపుకి ఒరగకుండా. కొన్నాళ్లకి కాళ్ల మధ్య దిండు పెట్టుకుని ఎడమవైపు తిరిగి పడుకుని అదే కాలిని పైకెత్తడం చేయించాడు. బయటికి బిగుసుకున్న కాలిని మధ్యకి తీసుకొచ్చే సాగదీతని మాత్రం అతనే తన చేత్తో చేసేవాడు. కాలు మధ్య గీత దాటితే ప్రమాదం కాబట్టి నన్ను సొంతంగా చేయొద్దన్నాడు.

నడకలో కర్రని ఎడమ చేత్తో పట్టుకోమన్నాడు. ఆపరేషన్ అయింది కుడికాలికి కదా, కర్ర కుడి చేతిలో ఉండాలి కదా అని మా ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ అన్నారు. ఎదుటి చేతిలో పట్టుకుంటేనే కుడి తుంటి మీద భారం తగ్గి నడుము నిటారుగా నిలుస్తుంది. కర్ర వదిలేయాలని తొందరపడకపోవడం మంచిది. కుంటుతూ కర్ర లేకుండా నడిచే కన్నా కర్రతో తిన్నగా నడవడం మేలు, ఎందుకంటే ఈ నెలల్లో పడిన నడకే తర్వాత అలవాటవుతుంది.

అతను ఇంట్లో చేసుకోమన్న ఒక పరీక్ష నాకు చాలా ఉపయోగపడింది. బరువు చూసుకునే మిషన్లు రెండు పక్కపక్కన పెట్టుకోవాలి. మా ఇంట్లో ఒకటుంది, పక్కింటివాళ్లది ఒకటి తెచ్చుకున్నాం. ఒక్కో దాని మీద ఒక్కో పాదం పెట్టి, కిందికి చూడకుండా మామూలుగా నిలబడాలి. పక్కనున్నవాళ్లు అంకెలు చదవాలి. మా ఆయన చదివారు: ఎడమ 40, కుడి 24. నేనైతే రెండు కాళ్ల మీదా సమానంగానే నిలబడ్డాననుకున్నాను. ఆ తర్వాత రోజూ పొద్దున కుడి మోకాలు చాపి, కుడి అంకె పెరిగేలా భారం మార్చుకుంటూ నిలబడేదాన్ని. రెండు అంకెలూ దగ్గరికొచ్చేసరికి మోకాలి నొప్పి కూడా చాలావరకు పోయింది. ఈ కాలు పొడుగన్న భావనలో కొంత, ఆ కాలి మీద భరోసా లేకపోవడమేనని నాకు ఆ మిషన్ల మీద నిలబడినప్పుడే అర్థమైంది.

నాలుగో నెల దాటాక బొడ్డు కొలత తేడా మూడు నుంచి ఒకటిన్నరకి దిగింది. ఆ తర్వాత దాదాపు అక్కడే ఆగింది. ఆరో నెలలో డాక్టరు గారు స్కానోగ్రామ్ రాశారు. అది కూడా ఎక్స్‌రే లాంటిదే. తుంటి నుంచి చీలమండ వరకు రెండు కాళ్లూ స్కేలుతో కలిపి తీస్తారు. కుడి కాలు 11 మిల్లీమీటర్లు పొడుగని వచ్చింది. ఈసారి ఆయన తీరిగ్గా కూర్చుని చెప్పారు.

కీలు మార్చేటప్పుడు పెట్టే కొత్త బంతి, అది కూర్చునే గిన్నెలోంచి జారిపోకుండా ఉండాలంటే చుట్టూ ఉన్న కండరాలకి తగినంత బిగువు ఉండాలి. బంతి మెడ పొడవులో రకరకాల సైజులుంటాయి. ఒక్కోటి పెట్టి చూసి, కాలిని అన్ని వైపులా తిప్పి, జారనిదాన్ని ఎంచుకుంటారు. ఒక్కోసారి పొడవు సరిపోయే సైజుతో కీలు వదులుగా ఉంటుంది, బిగువుగా ఉండే సైజుతో కాలు కొన్ని మిల్లీమీటర్లు పెరుగుతుంది. అప్పుడు బిగువుకే ఓటేస్తారు. కీలు జారితే మళ్లీ ఆసుపత్రి, కొందరికి మళ్లీ ఆపరేషన్. ఒక సెంటీమీటరు లోపు తేడాని చాలామంది అసలు గమనించనే గమనించరు, పుట్టుకతో కూడా ఎంతోమందికి అంత తేడా ఉంటుందన్నారు. నాది దానికి కొంచెం పైన. ఆయన మాటల్లో నాకు న్యాయం కనిపించింది. ఇదే విషయం ఆపరేషన్‌కి ముందు సంతకం పెట్టించుకునేటప్పుడు చెప్పి ఉంటే బాగుండేదని ఆయనతోనే అన్నాను. ఒప్పుకున్నారు.

మా మరిది ఒకరు అప్పటికీ "మళ్లీ చేయించుకో వదినా, ఇంకో పెద్ద ఆసుపత్రికి పోదాం" అంటూనే ఉన్నాడు. ప్రేమకొద్దీ అన్న మాటే. కానీ కేవలం ఈ కాస్త పొడవు కోసం బాగా అతుక్కున్న కీలుని మళ్లీ తెరవడం ఎవరూ సలహా ఇవ్వరు. రెండోసారి చేస్తే ఇన్ఫెక్షన్, కీలు జారడం లాంటి ముప్పులు పెరుగుతాయి. తేడా చాలా ఎక్కువై, నరం లాగి పాదం పైకి లేవకపోవడమో, తట్టుకోలేని నడుంనొప్పో, కీలు పదే పదే జారడమో ఉంటే అప్పుడు ఆలోచిస్తారు. నాకు అవేవీ లేవు.

ఇక చెప్పుల సంగతి. 11 మిల్లీమీటర్ల తేడా ఉంటే 11 మిల్లీమీటర్ల ఎత్తు పెట్టుకోవాలనే అనుకుంటాం. అలా కాదు. ఫిజియో దగ్గర పలచని చెక్క పలకలుంటాయి. గోడ వైపు తిరిగి, కళ్లు మూసుకుని నిలబడమన్నాడు. నా ఎడమ పాదం కింద ఒక్కో పలకా పెడుతూ, వెనక నుంచి నడుము ఎముకల మీద రెండు చేతులూ ఆనించి చూశాడు. 3 మిల్లీమీటర్లకి తేడా తెలియలేదు. 6 దగ్గర ఒళ్లంతా ఒక్కసారిగా తేలికైంది, కుడి మోకాలు తనంతట తానే చాపుకుంది. 9 దగ్గర ఇంకా బాగుంది గానీ నడుము ఎడమవైపు కొంచెం లాగింది. 11 పెట్టేసరికి ఇప్పుడు ఎడమ కాలు పొడుగైనట్టు అనిపించింది. వెన్ను ఎన్నో ఏళ్ల వంపుకి అలవాటు పడి ఉంటుంది కాబట్టి ఫిల్మ్ మీద ఉన్నదంతా సరిచేయకూడదట. 6తో మొదలుపెట్టి కొన్ని వారాలు చూసి, అవసరమైతే పెంచుదామన్నాడు. తర్వాత 8కి పెంచాం. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

ఎత్తు పెట్టాల్సింది పొట్టికాలికి. నా విషయంలో అది ఆపరేషన్ కాని ఎడమ కాలు. ఇది చెప్తే చాలామంది తికమకపడతారు, చెప్పులు కుట్టే ఆయన కూడా పడ్డాడు. షూ వేసుకునేవాళ్లయితే సుమారు ఒక సెంటీమీటరు వరకు లోపలే ఇన్‌సోల్ కింద సరిపోతుంది. అంతకు మించితే మడమ పైకి లేచి షూ ఊడిపోతుంది, అప్పుడు బయట సోల్‌కే వేయించాలి. నాలాగా చీర కట్టుకుని శాండిల్స్ వేసుకునేవాళ్లకి బయట వేయించడమే దారి.

మా ఊరి సెంటర్లో చెట్టు కింద కూర్చునే ఆయన దగ్గరికి వెనక పట్టీ ఉన్న శాండిల్స్ కొత్త జత తీసుకెళ్లాను. హవాయి చెప్పులు దీనికి పనికిరావు, ఎత్తు పెరిగినకొద్దీ వేళ్లతో బిగించి పట్టుకోవాల్సి వస్తుంది, కాలు మడతపడే ప్రమాదం ఉంది. ఆయన ఎడమ చెప్పు అడుగు సోల్‌ని కత్తితో నెమ్మదిగా విడదీశాడు. నేను మెత్తటి రబ్బరు షీటు పెట్టమన్నాను.

"మెత్తటిది వద్దు టీచరమ్మా. నెల్లో అణిగిపోతది, మళ్లా నా దగ్గరికే వస్తరు. గట్టి షీటేస్తా" అన్నాడు.

గట్టి ఈవీఏ (చెప్పుల సోల్‌కి వాడే, నురుగు రబ్బరు లాంటిది) షీటు ముక్కని చెప్పు ఆకారంలో కోసి, మడమ దగ్గర నుంచి పాదం మధ్య దాకా పూర్తి మందం ఉంచి, వేళ్ల వైపుకి వచ్చేసరికి పలచగా చెక్కాడు. అలా చెక్కకపోతే సోల్ మొద్దుబారి అడుగు ముందుకి దొర్లదు, వేళ్లు నేలకి తట్టుకుంటాయి. అతికించి, అంచు చుట్టూ కుట్టు కూడా వేశాడు. ఎండకి జిగురు కరిగి ఊడిపోతుందని కుట్టు వేయకుండా ఏ జతా ఇవ్వడు. వేసుకుని నాలుగడుగులు నడిచి చూపించమని, వెనక నుంచి నా నడుము చూసి, వేళ్ల దగ్గర ఇంకొంచెం చెక్కి ఇచ్చాడు. చీర అంచు రెండు వైపులా సమానంగా దిగింది. చాలా నెలల తర్వాత బడికి ఆ చెప్పులతో వెళ్లి, బల్ల పట్టుకోకుండా ఒక పీరియడ్ మొత్తం నిలబడి పాఠం చెప్పాను.

అయితే ఇంటికి వచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విడవగానే పాత కుంటు మళ్లీ వచ్చేది. ఎత్తు ఇచ్చే సలహాలన్నీ నిద్ర లేచింది మొదలు షూ వేసుకుని తిరిగేవాళ్లని దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. మనం మెలకువగా ఉండే సమయంలో సగం ఇంట్లోనే, వట్టి కాళ్లతోనే. ఆడవాళ్లు వంటింట్లో గంటలకొద్దీ నిలబడేది వట్టి కాళ్లతోనే. బయట సరిచేసుకున్న నడుము ఇంట్లో మళ్లీ వాలుతుంటే వెన్నుకి రోజూ రెండు రకాల శిక్ష. నాకు సాయంత్రాలు నడుంనొప్పి తగ్గకపోవడానికి అదే కారణమని ఫిజియో అడిగి మరీ కనుక్కున్నాడు. ఇంట్లో కూడా ఎత్తు చెప్పులు వేసుకోమన్నాడు.

మా అత్తయ్యకి ఎనభై దాటాయి. ఇంట్లో, అందులోనూ వంటింట్లో చెప్పులంటే ఆవిడ ఒప్పుకోరు. ఎలా చెప్పాలో తెలియక కొన్నాళ్లు మా గదిలో మాత్రమే వేసుకున్నాను. ఒక రోజు నేను పొయ్యి దగ్గర నడుము పట్టుకుని నిలబడడం చూసి ఆవిడే పిలిచారు. "కొత్త జత కొనుక్కోమ్మా. గడప దాటించకు, వాటిని నేలంత శుభ్రంగా పెట్టుకో. దేవుడి గదిలోకి మాత్రం వద్దు" అన్నారు. ఆ మాటతో నా ఇల్లు నాకు మళ్లీ దక్కినట్టయింది. ఆ చెప్పులు కుట్టే ఆయనతోనే, కింద జారని సోల్ ఉన్న ఇంటి చెప్పులకి ఎత్తు వేయించాను. టైల్స్ మీద జారకపోవడం అన్నిటికంటే ముఖ్యం, పడితే కీలుకి పెద్ద ప్రమాదం. బాత్రూంలో మాత్రం చెప్పులు లేవు, గోడకి పట్టుకునే కడ్డీ, కింద రబ్బరు మ్యాటు వేయించాం.

పూజ కుర్చీలో కూర్చునే చేసుకుంటున్నాను. కాసేపు వట్టి కాళ్లతో నిలబడితే వచ్చే నష్టమేమీ లేదు. గుడికి వెళ్లినప్పుడు మాత్రం ఇబ్బంది. భద్రాచలంలో మెట్లెక్కి, క్యూలో నిలబడి, ప్రదక్షిణ చేసి వచ్చేసరికి మొదటిసారి నడుము బాగా పట్టేసింది. తర్వాత ఫిజియో ఒక ఉపాయం చెప్పాడు. మందుల షాపుల్లో మడమ కింద పెట్టుకునే సిలికాన్ ప్యాడ్లు అమ్ముతారు. ఎడమ కాలి సాక్స్ లోపల ఒక ప్యాడు పెట్టుకుంటే చెప్పులు విడిచినా మడమకి కొంత ఎత్తు ఉంటుంది. సాక్స్ నున్నటి రాతి మీద జారతాయి కాబట్టి అడుగున రబ్బరు చుక్కలున్నవి కొనుక్కోవాలి. సాక్స్‌తో రానివ్వని చోట ముందే అడిగి, ప్రదక్షిణ తగ్గించుకుంటాను. మెట్లెక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు ఆపరేషన్ కాలు. బస్సు ఎక్కినా ఇదే పద్ధతి.

ఆపరేషన్ ఇంకా కాని వాళ్లకి ఒకటి చెప్పాలనుంది. ముందే మీ రెండు కాళ్ల కొలతలూ తీయించి కాగితం మీద రాయించుకోండి. ఏ కాలు ఎంత పొట్టిగా ఉంది, ఆపరేషన్‌తో ఎంత పెరగొచ్చు అని డాక్టర్ని నేరుగా అడగండి. వెన్ను వంకర ఉంటే చెప్పండి. నా దగ్గర పాత కొలత లేకపోవడం వల్ల కాలు నిజంగా ఎంత పెరిగిందో ఇప్పటికీ లెక్క తేల్చలేను.

ఇంకోటి, చాలా ముఖ్యం. నెమ్మదిగా వచ్చే తేడాకీ ఉన్నట్టుండి వచ్చే తేడాకీ సంబంధం లేదు. వంగినప్పుడో పడినప్పుడో తుంటిలో భరించలేని నొప్పి వచ్చి, కాలు ఒక్కసారిగా పొట్టిదై, పాదం ఒక పక్కకి తిరిగిపోతే కీలు జారి ఉండొచ్చు. అడుగు కూడా వేయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. బాగానే ఉన్న కాలు కొన్ని నెలల తర్వాత మెల్లగా పొట్టిదవుతున్నా, తొడలో కొత్తగా నొప్పి మొదలైనా తొడ ఎముక లోపల పెట్టిన కృత్రిమ కీలు కడ్డీ కిందికి దిగుతోందేమో ఎక్స్‌రే తీయించాలి. పాదం పైకి లేవకపోయినా, పాదం పైన స్పర్శ తగ్గినా ఆగొద్దు.

ఇప్పుడు నేను బడికి రెండు జతలు, ఇంట్లో ఒక జత వాడుతున్నాను. నెలకోసారి చెప్పులు తిరగేసి అరుగుదల చూసుకుంటాను. ఎడమ చెప్పు మడమ బయటి అంచు ముందు అరిగితే నడక మళ్లీ ఒరుగుతోందని నాకు గుర్తు. అప్పుడు వ్యాయామం పెంచుతాను, బరువు మిషన్లు రెండూ బయటికి తీస్తాను. పోయినసారి చూసినప్పుడు ఎడమ 33, కుడి 31. ఎండాకాలం సెలవులకి ముందే కొత్త జత చెప్పులు కుట్టే ఆయనకి ఇచ్చి రావాలి, బడులు తెరిచే జూన్‌లో ఆయన దగ్గర పని ఎక్కువ ఉంటుంది.